ఈస్ట్ సియాంగ్‌లో దిగిన పెట్టె

మందులు పంపే ఉద్యోగం చేసి రిటైరయ్యానని చెబితే మీ వయసు పిల్లలు ఒక్క క్షణం నా వంక అనుమానంగా చూస్తారు. ఆ మందులు కాదు. అమెరికాలో, పిస్కాటవేలో నేను పనిచేసిన కంపెనీ అరుదైన జబ్బులకు మందులు తయారుచేసేది. వాటిని కొనుక్కునే స్థోమత లేని రోగులకు ఉచితంగా పంపడానికి అందులో ఒక చిన్న విభాగం ఉండేది. ఇండియాకు వెళ్ళే పెట్టెలు నా చేతిమీదుగా వెళ్ళేవి. ఆ పని నాకెందుకిచ్చారంటే నేను ఇండియా నుంచి వచ్చాను కనుక. మాది కోనసీమ. విశాఖపట్నం దాటి తూర్పుకు నేను జన్మలో వెళ్ళలేదు. ఇంటర్వ్యూలో ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మీరంతా ఇప్పుడు ఇలాంటి ఉద్యోగాల్లోనే చేరుతున్నారు. కంప్యూటర్‌లో ఒక గడి ఉంటుంది, అది నింపితే అవతల ఎక్కడో ఒక పెట్టె కదులుతుంది అని ట్రైనింగ్‌లో చెబుతారు. నిజమే, కదులుతుంది. ఎటు కదులుతుందన్నది మాత్రం చెప్పరు. నేను పంపిన పెట్టెలన్నిటిలో ఒక్కదాని సంగతి మీకు చెప్పాలనిపించింది అందుకే.

మా విభాగంలో మేం నలుగురం. మేనేజరు జెర్సీలో పుట్టి పెరిగిన అమెరికన్. మంచివాడు, ప్రతిదానికీ "గ్రేట్" అనేవాడు. పెట్టె పోయిందని చెప్పినా ముందు గ్రేట్ అని, ఆ తర్వాత సారీ అనేవాడు. కొరియర్ కంపెనీలతో మాట్లాడే పని భీమవరం ఆయనది. నాకంటే బాగా చిన్నవాడు, గ్రీన్‌కార్డు క్యూలో నిలబడి నిలబడి నెరిసినవాడు. నాలుగో మనిషి పక్క ఊరు ఎడిసన్‌లో పుట్టిన తెలుగమ్మాయి, కాలేజీ నుంచి నేరుగా వచ్చింది. ఆఫీసులో అందరూ పేర్లు పెట్టి పిలుచుకుంటుంటే ఆ పిల్ల నన్ను మాత్రం ఆంటీ అనేది, కాన్ఫరెన్స్ కాల్స్‌లో కూడా. కొన్నాళ్ళకు మేనేజరు అదేదో హోదా అనుకుని తనూ ఆంటీ అనడం మొదలుపెట్టాడు. ఆయన నాకంటే పెద్దవాడు. దిద్దుదామనుకుని ఊరుకున్నాను. జీతం పెంచే మనిషిని దిద్దకూడదు.

భీమవరం ఆయనకీ నాకూ పాత తగువొకటి ఉండేది. ఆయనది వెస్టు, మాది ఈస్టు. గోదావరి జిల్లాలవాళ్ళకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళు అర్థం చేసుకోండి. పులస ఎవరిది, మర్యాద ఎవరిది, వెటకారం ఎవరిది అని లంచ్ టేబుల్ దగ్గర రోజూ తేల్చుకునేవాళ్ళం, ఏనాడూ తేలేది కాదు. ఈలోగా అక్కడి ప్రభుత్వం జిల్లాలను ముక్కలు చేసి కొత్త పేర్లు పెట్టింది. మా ఊరు ఇప్పుడు ఈస్టులో లేనే లేదు. మా తగువు మాత్రం ఆగలేదు.

ఒక జూలైలో అరుణాచల్ ప్రదేశ్ నుంచి ఒక కేసు వచ్చింది. ఆమె స్కూల్ టీచరు, నెలలు నిండుతున్న గర్భిణి. పుట్టుకతోనే రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు. కాన్పు సమయానికి మా మందు పక్కన లేకపోతే ప్రాణానికి హామీ ఇవ్వలేనని అక్కడి డాక్టరు రాశాడు. ఆ స్థితిలో జీపులో కూర్చోబెట్టి, ఆ కొండదారిలో అస్సాం దాకా దించడం కూడా కుదరదన్నాడు. ఆమె కిందికి దిగలేదు కనుక మందే పైకెక్కాలి. మేనేజరు అదే రోజు అనుమతి ఇచ్చాడు, పెట్టె సిద్ధమైంది, ఇక కంప్యూటర్‌లో జిల్లా గడి దగ్గర మాత్రం పని ఆగింది.

అందులో డాక్టరు వెస్ట్ సియాంగ్ అని ఎంచుకున్నాడు. కొరియర్ వాళ్ళకు చల్లటి పెట్టెలను వెస్ట్ సియాంగ్ చేర్చే సర్వీసు లేదు. ఈస్ట్ సియాంగ్‌లోని పెద్ద ఊరి దాకా ఉంది. అక్కడ ఆసుపత్రీ ఉంది, అందులో ఫ్రిజ్జూ ఉంది. ఏం చేయాలని మీటింగ్ పెట్టుకున్నాం.

"ఇందులో ఆలోచించేదేవుందండీ," అన్నాడు భీమవరం ఆయన. "సియాంగ్ అంటే నదే కదండీ. అవతలగట్టు వెస్టు, ఇవతలగట్టు ఈస్టు. రాజమండ్రిలో దింపితే కొవ్వూరోళ్ళు బ్రిడ్జి దాటొచ్చి పట్టుకెళ్ళరా?"

పట్టుకెళ్తారు. నాకు అందులో తప్పేమీ కనపడలేదు. అంతకాలంలో మేమిద్దరం ఒక మాటమీద నిలబడటం అదే మొదటిసారి. దగ్గరేనా అని మేనేజరు అడిగితే, నది దాటడమేనని ఇద్దరం ఒకేసారి చెప్పాం. ఆయన గ్రేట్ అన్నాడు. ఎడిసన్ అమ్మాయి ఫోన్‌లో మ్యాప్ చూస్తూ, అక్కడ అప్పర్ సియాంగ్, లోయర్ సియాంగ్, ఇంకా ఏమీ తగిలించని ఉత్త సియాంగ్ కూడా ఉన్నాయే అంది. ఎగువ, దిగువ, మధ్య, అంతేనమ్మా అని భీమవరం ఆయన ఆ పిల్లకు డెల్టా సంగతి వివరంగా చెప్పాడు. బోర్డు మీద బొమ్మ కూడా గీశాడు. అందులో కాటన్ ఆనకట్ట కూడా ఉంది.

పెట్టె వెళ్ళింది. లోపల పెట్టిన చిన్న పరికరం అది ఎక్కడుందో, ఎంత చల్లగా ఉందో చెబుతూ ఉంటుంది. ఢిల్లీ, గువాహటి, తర్వాత ఈస్ట్ సియాంగ్. ఆసుపత్రి ఫ్రిజ్జులోకి చేరగానే తెర మీద పచ్చరంగు వచ్చింది. మేనేజరు డోనట్లు తెప్పించాడు. మర్నాడు పొద్దున్నే డాక్టరు దగ్గర్నుంచి ఫోన్.

ఆయన పెట్టె ఎక్కడ దించారని అడిగాడు. చెప్పాను. ఊరి పేరు ఇంకోసారి చెప్పించుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. ఆమె ఉండేది ఇప్పుడు వెస్ట్ సియాంగ్ కాదు. పైభాగాన్ని విడదీసి షి యోమి అని ఎప్పుడో వేరే జిల్లా చేశారు, చైనా సరిహద్దు దాకా. మా కంప్యూటర్‌లో ఆ పేరు లేదు కాబట్టి ఉన్నవాటిలో పాతదాన్ని ఎంచుకున్నాడు. ఈస్ట్ సియాంగ్ నుంచి ఆమె ఊరికి రావాలంటే మధ్యలో ఇంకో రెండు జిల్లాలు దాటాలి. దారి బాగుంటేనే బండ్లు మారుతూ రోజంతా పడుతుంది, ఇప్పుడు మధ్యలో కొండచరియ పడి తెగిపోయింది. హెలికాప్టర్ ఉంది గానీ మబ్బు దిగితే లేవదు, మబ్బు ఆ నెలలో పైకి లేచిందే లేదు. నొప్పులు ఏ రోజైనా రావచ్చు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికపడేదాన్ని. ఫోన్ పెట్టేసి, విన్నదంతా మిగతావాళ్ళకు చెప్పాను. బోర్డు మీద ఆనకట్ట ఇంకా అలాగే ఉంది. భీమవరం ఆయన లేచి వెళ్ళి దాన్ని తుడిచేశాడు.

కొరియర్ వాళ్ళు ఆ ఊరు దాటి ఒక్క అడుగు కూడా వేయలేమన్నారు. మా కంపెనీలోనే క్వాలిటీ డిపార్ట్‌మెంట్ అని ఒకటి ఉంటుంది, మందు ఎవరి చేతుల్లో ఉందో కనిపెట్టి ఉండటం వాళ్ళ పని. అనుమతి లేని మనిషి చేతికి వెళ్ళిన మందు ఇక మందు కాదు అని వాళ్ళ లెక్క. పెట్టెను వెనక్కి తెప్పించడమో, అక్కడే ధ్వంసం చేయించడమో, రెండిట్లో ఒకటి చేయమన్నారు.

అప్పుడు మేం తెలుగువాళ్ళందరూ ఆపదలో చేసే పనే చేశాం. అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారా అని వెతికాం. అరుణాచల్‌లో తెలిసినవాళ్ళు కావాలి, చాలా అర్జెంట్ అని మా అపార్ట్‌మెంట్ల తెలుగు గ్రూప్‌లో పెట్టాను. కాఫీ కలుపుకునేలోపు గ్రూప్ నిండిపోయింది. గిరిప్రదక్షిణ పౌర్ణమికి వద్దు, రద్దీ ఎక్కువ అని ఒకరు. గుడి తూర్పుగోపురం దగ్గర మంచి రూమ్స్ ఉన్నాయని ఒకరు. చెప్పుల్లేకుండా నడవాలి కాబట్టి సాక్స్ తీసుకెళ్ళండని ఒక డాక్టరుగారు. అది తమిళనాడులోని అరుణాచలం కాదు బాబూ అని రాస్తే, మరి అక్కడికెందుకు వెళ్తున్నారు, ఏమైనా ప్రాబ్లమా అని అడిగారు.

దారి చూపింది మా చర్చిలో ఒకావిడ. గుంటూరు మనిషి. విషయం వినగానే ఫోన్‌లోనే ప్రార్థన మొదలుపెట్టి, ఆమెన్ అన్నాక, మా ఆడపడుచు కొడుకు బ్యాంకు మేనేజరుగా అక్కడే ఎక్కడో ఉన్నాడు, ఏదో సియాంగ్ అంటాడు అంది. ఏ సియాంగ్ అండీ అన్నాను. ఇన్ని ఉంటాయని నాకేం తెలుసు అంది. ఇంకో ఫోన్ కాల్‌తో తేలింది. ఈస్టే. మా పెట్టె ఉన్న ఊరే.

ఆ అబ్బాయి శ్రీకాకుళంలో పెరిగాడట, మాట వినగానే తెలిసిపోయింది. చెప్పిందంతా విన్నాడు.

"ఏటి మేడమ్, ఈస్టూ వెస్టూ అంటే గోదారి జిల్లాలనుకున్నారేటి?" అన్నాడు. "నానొచ్చిన కొత్తలో పక్క జిల్లా బ్రాంచికని పొద్దున బయల్దేరి మర్నాడు సేరాను. ఇక్కడ జిల్లాలకి బ్రిడ్జిలుండవు, సుమోలుంటాయి."

సుమో అంటే ఆ కొండల్లో మనుషుల్ని, కోళ్ళని, గ్యాస్ బండల్ని ఎక్కించుకుని తిరిగే జీపు. ఊరూరా సుమో కౌంటర్ ఉంటుంది. సామాను డ్రైవరు చేతికిచ్చి, అవతల ఎవరు తీసుకుంటారో చెబితే చాలు. దారి తెగినచోట ఈ సుమో ఆగుతుంది. జనం దిగి, సామాను మోసుకుంటూ చరియ మీదుగా నడిచి దాటి, అవతల ఆగి ఉన్న ఇంకో సుమో ఎక్కుతారు. అక్కడ రోజూ జరిగేదే అది. పెట్టెలో ఐసు తానే మార్పించి ఎక్కిస్తానన్నాడు. వింటుంటే నాకు కొత్తగా అనిపించలేదు. నేను కాకినాడలో చదువుకునే రోజుల్లో మా అమ్మ క్యారేజీ ఆర్టీసీ డ్రైవరు చేతికిచ్చి పంపేది, అది ఒక్కరోజూ తప్పిపోలేదు. ఎప్పుడైనా పులుసు కొంచెం తగ్గేది, అంతే.

ఈ పద్ధతిని క్వాలిటీ వాళ్ళకు వివరించడానికి కాల్ పెట్టుకున్నాం. నేను చెప్పడం మొదలుపెట్టగానే అవతలి పెద్దమనిషి, సుమో అంటే మల్లయోధుడా అని అడిగాడు. కాదు, బండి అన్నాను. డ్రైవరుకు చల్లటి మందులు మోయడంలో శిక్షణ ఉందా అన్నాడు. లేదన్నాను. మరి అతని గురించి ఏం తెలుసన్నాడు. రోజూ అదే దారిన వెళ్తాడని తెలుసన్నాను. ఆయన ఒప్పుకోలేదు. అయినా పంపాలంటే, నిబంధన తెలిసే దాటుతున్నానని ఎవరో ఒకరు సంతకం చేయాలి, ఆ తర్వాత ఏం జరిగినా వాళ్ళదే బాధ్యత, ఉద్యోగంతో సహా అన్నాడు. మేనేజరు గ్రేట్ అనలేదు. మమ్మల్ని సంతకం చేయమని అడిగే అధికారం తనకు లేదని, అడ్డుకునే ఉద్దేశం కూడా లేదని చెప్పి తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

ఇంతలో బ్యాంకు అబ్బాయి మళ్ళీ ఫోన్ చేశాడు. డాక్టరును అడిగి నంబరు తీసుకున్నాడట, లైన్‌లో ఇంకొకరు ఉన్నారన్నాడు. ఆ టీచరు. రోగులతో మేం నేరుగా మాట్లాడకూడదు, అది ఇంకో నిబంధన. నా సర్వీసులో ఒక్క రోగి గొంతు కూడా వినలేదు. ఫోన్ పెట్టేయాల్సింది. పెట్టలేదు.

ఆమె హిందీలో మాట్లాడింది, మధ్యమధ్య ఇంగ్లిషు. నా హిందీ దూరదర్శన్ హిందీ, అయినా ప్రతి ముక్కా అర్థమైంది. తెగినచోటికి ఇవతలి నుంచి తన మరిది వస్తాడు, మీరు అవతలి దాకా పంపితే చాలు అంది. తర్వాత, "మేడమ్, రాదనుకుంటే ఇప్పుడే చెప్పండి. కోపం లేదు. మా పెద్దమ్మాయిని మా అమ్మ దగ్గరికి పంపించేస్తాను. ఇక్కడ ఉండి చూడకూడదు కదా," అంది.

నిబంధనల గురించి నాకు అప్పటిదాకా ఉన్న గౌరవం ఆ మాటతో పోయిందని అనను. నిబంధనలు ఊరికే పుట్టవని నాకిప్పటికీ నమ్మకం. కానీ ఆ మాటకు జవాబు చెప్పాల్సింది నేను. వస్తుందని చెప్పాను. పెట్టె ఇంకా ఫ్రిజ్జులోనే ఉంది.

భీమవరం ఆయన అప్పటికే పెన్ను తీశాడు.

"నేను చేత్తానండీ," అన్నాడు. "బ్రిడ్జి ఉందన్నది నేను."

"మీరింకా వీసా మీదే ఉన్నారు, ఇద్దరు పిల్లలున్నారు," అన్నాను. "ఉద్యోగం పోతే నేను ఇంట్లో కూర్చుంటాను. మీరు దేశం దాటాలి. ఇలా ఇవ్వండి."

"ఎప్పుడూ ఈస్టోళ్ళదే పైచేయి అవ్వాలండీ," అన్నాడాయన. కళ్ళు తుడుచుకుంటున్నాడు.

ఎడిసన్ అమ్మాయి నా భుజం పట్టుకుని, "ఆంటీ, నువ్వు షూర్ ఆ? థింక్ చెయ్యి ఒకసారి," అంది. ఆ పిల్లకు మీరు అనడం రాదు, దేవుణ్ణయినా నువ్వే అంటుంది. థింక్ చేస్తే భయమేస్తుందని, చేయకుండానే సంతకం పెట్టాను.

బ్యాంకు అబ్బాయి ఫొటో పంపాడు. సుమో ముందు సీట్లో మా పెట్టె, జారకుండా తువ్వాలుతో సీటుకు కట్టేసి ఉంది. ఆ సీటుకు రావాల్సిన పాసింజరు వెనకాల కోళ్ళబుట్ట పక్కన సర్దుకున్నాడట, విషయం తెలిసి తనే లేచాడట. ఆ తర్వాత సిగ్నల్ పోయింది. తెర మీద పచ్చరంగు పోయి బూడిదరంగు వచ్చింది. శుక్రవారం అలాగే గడిచింది, శనివారం కూడా. ఆదివారం చర్చిలో పాస్టరుగారు వెస్ట్ సియాంగ్ సహోదరి కోసం ప్రార్థన చేశారు. షి యోమి అని వెనక బెంచీలోంచి అందామనుకున్నాను. దేవుడికి కొత్త జిల్లాలు తెలిసే ఉంటాయని ఊరుకున్నాను. అన్నం సయించలేదు. మా ఆయన రెండుసార్లు ఏమైందని అడిగి, మూడోసారి అడగకుండా గిన్నెలు కడిగేశాడు.

సోమవారం ఉదయం ఆఫీసుకు వెళ్ళేసరికి డాక్టరు మెయిల్ ఉంది. పెట్టె చరియ దాటింది. మరిది దాన్ని వీపుకు కట్టుకుని దాటించాడు. నొప్పులు అది వచ్చాకే మొదలయ్యాయి. రక్తం బాగా పోయింది, రెండో డోసుకు ఆగింది. కింద ఒక చిన్న ఆడియో ఉంది. నేను విని, భీమవరం ఆయనకు వినిపించాను. ఆయన విని ఎడిసన్ అమ్మాయికి వినిపించాడు. మేనేజరు వచ్చి గ్రేట్ అన్నాడు, ఈసారి సారీ లేదు.

నా ఉద్యోగం పోలేదు. గట్టిగా రాసిన హెచ్చరిక ఒకటి వచ్చింది. కంపెనీ నిబంధనల్లో, మందు ఎక్కించకూడని వాహనాల పట్టికలో సైకిల్‌కూ పడవకూ మధ్య సుమో అని కొత్తగా చేర్చారు. షి యోమిని జిల్లాల్లో చేర్చమని నేను పెట్టిన అర్జీ మాత్రం నేను రిటైరయ్యేనాటికి పరిశీలనలో ఉంది.

అసలు ఆ సోమవారమే చేయాల్సిన పని ఇంకొకటి మిగిలింది. మా మందు వాడిన మనిషి ఆరోగ్యం గురించి చిన్న కబురు తెలిసినా, డ్రగ్ సేఫ్టీ వాళ్ళకు వెంటనే ఫోన్ చేసి చెప్పాలి. ఇది నేను దాటలేదు. అవతల ఒకావిడ ఎదురుగా ఉన్న ప్రశ్నలు ఒక్కో మాటా చదువుతూ, నా జవాబులు టైప్ చేసుకుంటూ పోయింది. తల్లికి రక్తస్రావం, తగ్గిందా, ఇంకా ఉందా, తెలియదా? తగ్గిందన్నాను. శిశువుకు ఏదైనా గమనించారా?

అబద్ధం చెప్పకూడదు కదా, ఆడియోలో విన్నదే చెప్పాను. ఏడుస్తోంది అన్నాను.

ఆవిడ టైప్ చేసింది. "క్రయింగ్. రిజాల్వ్‌డ్, ఆర్ ఆన్‌గోయింగ్?" అని చదివింది.

"ఆన్‌గోయింగ్," అన్నాను. ఆవిడకు సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను.